పేరు రాశారు, లెక్క రాయలేదు

మన కొండల మొక్కల మీద రాసిన కాగితాలు తక్కువేమీ కాదు. కుంఫిణీ దొరల కాలం నుంచి నిన్నమొన్నటి డిగ్రీ విద్యార్థి రిపోర్టు దాకా రెండు వందల ఏళ్లు దాటిన రాత అది. సాలూరు, పాచిపెంట, మక్కువ కొండల నుంచి అరకు దాకా ఉన్న అడవి గురించి ఆ కాగితాలు ఏం చెప్పాయి, ఏం చెప్పకుండా వదిలేశాయి అని చూడాలనిపించి, దొరికినవి దొరికినట్టు చదివాం. మొక్క పేరు రాశారు. అది దేనికి పనికొస్తుందో రాశారు. ఎన్ని మిగిలాయో మాత్రం రాయలేదు. ఈ వ్యాసంలో మా పేచీ ఆ మూడో దాని గురించే.

ముందు చివరి కాగితం దగ్గర మొదలుపెడతాం. ఎందుకంటే అది మన పిల్లలు రాస్తున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరు. మొత్తం పది నెలలు. బోటనీ తీసుకున్న గిరిజన విద్యార్థికి ఇంతకంటే ఏం కావాలి? సొంత ఊరు, సొంత అడవి, చేతిలో పది నెలలు. రాసేది మాత్రం ఎలా ఉంటోందో చూడండి. మేం చదివిన రిపోర్టుల్లో ఒకటి పాచిపెంట వైపు కొండ ఊరి అమ్మాయిది. నలభై మొక్కలు, ఐదు గళ్ల పట్టిక: శాస్త్రీయ నామం, కుటుంబం, తెలుగు పేరు, వాడే భాగం, తగ్గే జబ్బు. తులసి, వేప, ఉసిరి, తిప్పతీగ, నేలవేము, కరక్కాయ. చేతిరాత ముచ్చటగా ఉంది, ఒక్క స్పెల్లింగు తప్పు లేదు. కానీ ఆ నలభైలో ముప్పై దాకా మొక్కలు సాలూరు బస్టాండు చుట్టుపక్కల కూడా దొరికేవే.

సర్పగంధి మీ వైపు లేదా అని అడిగాం. “ఉందండి. మా అమ్మమ్మ చిన్నప్పుడు గెడ్డ ఒడ్డునంతా ఉండేదంట. ఇప్పుడు మూడు చోట్లే ఉందని చూపించింది” అంది. మరి రాయలేదేం అంటే, “అలాంటి గడి లేదండి” అంది.

ఆ పట్టికను ఆ అమ్మాయి తయారు చేయలేదు. కాలేజీలో ఇచ్చారు. కాలేజీ వాళ్లు పాత పరిశోధన వ్యాసాల్లోంచి తీసుకున్నారు. ఆ వ్యాసాలు ఇంకా పాతవాటి నుంచి తీసుకున్నాయి. ఆ దారి పట్టుకుని వెనక్కి వెళ్తే విలియం రాక్స్‌బర్గ్ దగ్గర తేలతాం.

రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోటకు వచ్చిన కుంఫిణీ డాక్టరు. అక్కడ తోట వేశాడు, ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. తెలుగు పేర్లు వదలకుండా రాశాడు, అందుకు ఆయనకు మనం ఎంతో కొంత రుణపడే ఉన్నాం. సోమిద చెట్టునే తీసుకోండి. ఆ తెలుగు మాటే తర్వాత సోయ్‌మిడా అనే శాస్త్రీయ నామమైంది. ప్రపంచంలో ఏ బోటనీ విద్యార్థి ఆ చెట్టు పేరు పలికినా తెలుగు మాటే పలుకుతాడు. బాగానే ఉంది. అయితే రాక్స్‌బర్గ్‌కు సోమిద మీద ఆసక్తి ఎందుకు కలిగింది? జ్వరానికి వాడే దక్షిణ అమెరికా సింకోనా బెరడు ఖరీదెక్కువ. దాని బదులు సోమిద బెరడు పనికొస్తుందేమో అని. ఆ బొమ్మలు వేసిన చిత్రకారుల్లో చాలామంది ఎవరో మనకు తెలియదు. పేరు చెప్పినవాళ్లెవరో, చెట్టు దగ్గరికి తీసుకెళ్లినవాళ్లెవరో అసలే తెలియదు. పేరు, వాడకం, సేకరణ. పట్టికలో గళ్లు అప్పుడే పడ్డాయి. కుంఫిణీకి అంతకు మించి అవసరం లేదు. ఎంత దొరుకుతుంది అన్నది వాళ్లకు వ్యాపారం లెక్క. ఎంత మిగులుతుంది అన్నది ఎవరి లెక్కా కాదు.

ఆ తర్వాత గాంబుల్. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద ఆయన పుస్తకం 1915లో మొదలైంది, ఆయన పోయాక ఫిషర్ పూర్తి చేశాడు. వందేళ్లయినా మన కొండల్లో ఒక మొక్కను గుర్తుపట్టాలంటే ఈ రోజుకీ అదే తెరుస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక బొటానికల్ సర్వే వాళ్లు, యూనివర్సిటీల వాళ్లు జిల్లాల వారీగా, రాష్ట్రం మొత్తానికీ పుస్తకాలు వేశారు. 1997లో పుల్లయ్య, చెన్నయ్య గార్ల ఆంధ్రప్రదేశ్ ఫ్లోరా మొదటి సంపుటం వచ్చింది. వీటి మీద మాకు గౌరవం ఉంది. ఇవి లేకపోతే మన పిల్లలు రెండు మొక్కల్ని ఒకటే అనుకుంటారు, ఒకే మొక్కని రెండనుకుంటారు. పాతాళగరుడి అనే మాటని కొందరు సర్పగంధికి వాడతారు, కొందరు దూసరతీగకు వాడతారు. ఒకటి వేరు తవ్వే చిన్న మొక్క, ఇంకొకటి కంచెల మీద పాకే తీగ. పేరు ఒక్కటే చూసి లెక్క కట్టినవాడు సర్పగంధి ఊరంతా ఉందని రాసేస్తాడు.

అయితే ఈ తరహా పుస్తకాల్లో ‘అరుదు’ అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సేకరించేవాళ్లు ఒక సీజన్‌లో వచ్చి, దారి ఉన్నంత మేర నడిచి, కనపడిన మొక్కను అట్టల మధ్య నొక్కి తీసుకెళ్తారు. మళ్లీ మళ్లీ కనపడకపోతే అరుదు, ఎక్కడ చూసినా కనపడితే సామాన్యం. ఆ మాట మొక్క గురించి ఎంత చెప్పిందో నడిచిన దారి గురించీ అంతే చెప్పింది. ఘాటు రోడ్డు పక్కన లేని మొక్క కొండ అవతల గెడ్డ లోపల దండిగా ఉండొచ్చు. రోడ్డు పక్క దండిగా కనపడింది పదేళ్లలో ఖాళీ అయిపోవచ్చు. హెర్బేరియంలో ఉన్న ఎండు మొక్క ఆ రోజున ఆ చోట అది ఉందని సాక్ష్యం చెబుతుంది. అది విలువైన సాక్ష్యమే. కానీ మర్నాడు ఏమైందో అది చెప్పలేదు. దాన్ని అడగడమూ తప్పే.

ఇక మన గురించే రాస్తున్నామని చెప్పుకునే శాస్త్రం ఒకటుంది. ఎత్నోబోటనీ అంటారు. జనానికీ మొక్కలకూ ఉన్న సంబంధం చదివే శాస్త్రం అని అర్థం. 1982లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా దీని మీద పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టింది. గిరిజనులు వాడే అడవి మొక్కలు దాదాపు పదివేలని అందులో తేలింది. ఎస్.కె. జైన్, జానకీ అమ్మాళ్ లాంటి పెద్దలు గిరిజన జ్ఞానాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే రోజుల్లో దాన్ని జ్ఞానం అని నిలబెట్టారు. ఆ మేలు కాదనలేం. మా తగాదా వాళ్ల వెనక తామరతంపరగా వచ్చిన వ్యాసాలతో. ఫలానా మండలంలో ఫలానా తెగ వాడే యాభై మొక్కలు, డెబ్బై మొక్కలు, వంద మొక్కలు. ప్రతిదాని చివరా ఒకే వాక్యం: ఈ జ్ఞానం అంతరించిపోతోంది గనుక నమోదు చేయాలి. నమోదు అయిపోయింది. మరి ఆ మొక్కలు? ఆ వ్యాసం రాసినవాళ్లు ఐదేళ్ల తర్వాత అదే ఊరికి వచ్చి, అదే వాగు పక్క నిలబడి, అప్పుడు చూపించిన మొక్క ఉందా అని అడిగినట్టు మాకు ఒక్క వ్యాసంలోనూ కనపడలేదు. మనవాళ్లు ఆ కాగితాల్లో ‘సమాచారదాతలు’. ఎంతమంది అన్నది ఒక అంకె. మగవాళ్లు ఇంతమంది, ఆడవాళ్లు ఇంతమంది, వయసు ఇంత. మొక్కల్ని లెక్కపెట్టలేదు గానీ మనల్ని లెక్కపెట్టారు!

వాడకం ఒక్కటే రాసి లెక్క రాయకపోతే ఏమవుతుందో కేరళలో కాణి వాళ్ల కథ చెబుతుంది. 1987లో అగస్త్య కొండల్లో తిరువనంతపురం తోట శాస్త్రవేత్తలు నడుస్తూ అలసిపోయారు. దారి చూపడానికి వచ్చిన కాణి కుర్రాళ్లు మాత్రం ఏవో కాయలు నములుతూ హుషారుగా నడుస్తున్నారు. బతిమాలితే చెప్పారు, అది ఆరోగ్యపచ్చ అని. దాన్నుంచి జీవని అనే మందు తయారైంది. 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చారు. పది లక్షల రూపాయల ఫీజు, అమ్మకం మీద రెండు శాతం రాయల్టీ, అందులో సగం కాణి వాళ్లకు. 1997లో వాళ్ల ట్రస్టు రిజిస్టరయింది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఒప్పందం అది. గిరిజన జ్ఞానానికి ఇంత వాటా ఇచ్చిన ఉదాహరణ దేశంలో అంతకు ముందు లేదు. కానీ మందుకు గిరాకీ రాగానే అడవిలో మొక్కను పీకడం మొదలైంది. అటవీ శాఖ అడ్డుపడింది. పెంపకం ఆగింది. ఏ కొండ మీద ఎన్ని మొక్కలున్నాయి, ఏటా ఎన్ని తీస్తే మళ్లీ పుడతాయి అన్న లెక్క అప్పటికే కాణి గ్రామాల చేతిలో ఉండి ఉంటే, అటవీ శాఖతో మాట్లాడేటప్పుడు వాళ్ల మాటకు బలం ఉండేది.

సర్పగంధి కథ ఇంకా పాతది. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుకు ఇది పనిచేస్తుందని బ్రిటిష్ పత్రికలో రాశాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరు నుంచి రెసర్పిన్ తీశారు. కావలసింది వేరు. వేరు తీస్తే మొక్క మిగలదు. ఆకు కోసినట్టు, కాయ కోసినట్టు కాదు. అడ్డాకు ఎంత కోసినా తీగ చిగురిస్తుంది, మన ఆడవాళ్లు తరతరాలుగా కోస్తూనే ఉన్నారు. సర్పగంధికి ఆ వీలు లేదు. విత్తనం కూడా అన్నీ మొలవవు. 1990లో దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. కానీ గెడ్డ ఒడ్డున మూడు చోట్లే మిగిలిందన్న సంగతి ఏ జాబితాలోనూ ఉండదు. అది ఒక అమ్మమ్మ తలలో ఉంటుంది, ఆమెతో పోతుంది.

2002 జీవవైవిధ్య చట్టం ఈ ఖాళీని పూరిస్తుందని చాలామంది ఆశపడ్డారు. ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ప్రతి కమిటీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. పదిహేనేళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రానికి నెలకు పది లక్షలు కట్టమనేసరికి, దేశమంతటా రెండు లక్షలకు పైగా రిజిస్టర్లు పుట్టుకొచ్చాయి. అంత హడావిడిలో పుట్టినవి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. మా చుట్టుపక్కల ఊళ్లలో అడిగితే రిజిస్టరు ఉందని విన్నవాళ్లే తక్కువ, చూసినవాళ్లు ఇంకా తక్కువ. పంచాయతీ అంటే ఎన్నో గూడేలు. కొండ మీది గూడెం వాళ్ల అడవి వేరు, దిగువ వాళ్ల అడవి వేరు. ఒకే పుస్తకంలో రెండింటినీ కలిపేస్తే లెక్క ఎవరికీ పనికిరాదు. అందులో గళ్లు కూడా అవే: పేరు, వాడకం.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లు లాభంలో వాటా ఇవ్వక్కర్లేదని అందులో ఉంది. గ్రంథాలంటే ఔషధ చట్టం గుర్తించిన ఆయుర్వేద, సిద్ధ, యునానీ పుస్తకాలు. సర్పగంధి ఆ పుస్తకాల్లో ఉంది, ఉసిరి ఉంది, తిప్పతీగ ఉంది. మన పెద్దలు నోటితో చెప్పింది ఏ గ్రంథంలోనూ లేదు. కాబట్టి టీచర్లను, ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలను మేం అడిగేది ఇది: ఏ ఆకు ఏ జబ్బుకు అన్న పట్టిక మళ్లీ మళ్లీ రాసి మనకు వచ్చేదేమిటి? అందులో తెలిసినది ఎప్పుడో బయటకు పోయింది. తెలియనిది రాస్తే రేపు పోతుంది. అదే శ్రమతో మొక్కల లెక్క రాస్తే, అది ఏ గ్రంథంలోనూ లేనిది, మన అడవిలో మన కాళ్లతో నడిస్తే తప్ప దొరకనిది.

లెక్క అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మాస్టార్లు దీన్ని పెద్ద శాస్త్రం అనుకుని వెనకడుగు వేస్తున్నారు. ఒక్క మొక్కను ఎంచుకోండి. పెద్దవాళ్లను అడిగి అది ఉన్న రెండు మూడు చోట్లు చూడండి. ఒక్కో చోట పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు తాడు పట్టి, నాలుగు మూలలా రాళ్లు గుర్తు పెట్టండి. లోపలున్న ప్రతి మొక్కనూ లెక్కపెట్టండి. మొత్తం ఒక్కటే రాయకుండా విడదీసి రాయండి: మొలకలు ఎన్ని, పూత రాని మొక్కలు ఎన్ని, పూసినవి ఎన్ని, కాసినవి ఎన్ని. వేరు తవ్విన గుంటలు కనపడితే అవి ఎన్ని. పశువు కొరికినవి, కాలినవి ఎన్ని. ఒక రాయి మీద నిలబడి ఒక ఫోటో తీయండి. వచ్చే ఏడు అదే రాయి మీద నిలబడే తీయాలి. అంతే పని. ఇద్దరు పిల్లలకు ఒక పూట.

విడదీసి రాయడం ఎందుకంటే, ముప్పై మొక్కలున్నాయి అంటే బాగానే ఉందనిపిస్తుంది. ఆ ముప్పైలో ఒక్క మొలకైనా లేకపోతే? మన కొండల మీద కొన్ని గూడేలున్నాయి కదా, పడుచువాళ్లంతా విశాఖపట్నానికో హైదరాబాదుకో పనికి పోయి, ముసలివాళ్లు మాత్రమే మిగిలినవి. జనాభా లెక్కలో ఊరు ఉంటుంది. ఆ మొక్కలదీ అదే స్థితి. ఇంకో చోట ఎనిమిది మొక్కలే ఉండి, చుట్టూ ఇరవై మొలకలుంటే ఆ చోటు బతుకుతుంది. మొత్తం అంకె చూసినవాడికి ఈ తేడా తెలియదు. ఒక్క ఏడాది లెక్కతోనూ తెలియదు. మూడో ఏడాదికి కొంచెం తెలుస్తుంది, ఐదో ఏడాదికి మాట్లాడొచ్చు. ఒక బ్యాచ్ చేసిన చోటే తర్వాతి బ్యాచ్ చేయాలి. ఇప్పుడు జరుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు. ప్రతి విద్యార్థికీ కొత్త టాపిక్ కావాలి, పోయినేడు చేసిందే చేస్తే మార్కులు తక్కువ. మొక్కల పనిలో మాత్రం పోయినేడు చేసిందే చేయడం అసలు గొప్ప.

కాలం సంగతి ఇంకోటి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పరీక్షలు అయ్యాక, వేసవిలో పెడతారు. అడవినాభిని తీసుకోండి. నాగలి ఆకారంలో గడ్డ ఉంటుంది, సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. తొలి వానలకు గడ్డ నుంచి తీగ లేస్తుంది, ఆకు కొసలతో పక్క కొమ్మను చుట్టుకుని పైకి పాకుతుంది, వానల్లో పసుపు ఎరుపు పువ్వులు పూస్తుంది, చలికాలానికి ఎండి మాయమవుతుంది. మే నెలలో వెళ్లిన విద్యార్థి సున్నా అని రాస్తాడు. అబద్ధం రాయలేదు. గడ్డ అతని కాళ్ల కిందే ఉంది. మన కొండల్లో నేల మీద పుట్టే ఆర్కిడ్లు, చాలా రకాల దుంపలు అన్నీ ఇలా వానతో వచ్చి వానతో పోయేవే. వీటికి కాలేజీ క్యాలెండరు పనికిరాదు. మన క్యాలెండరు పనికొస్తుంది. మామిడి కొత్త చేయకుండా మామిడికాయ ముట్టని ఊళ్లు మనవి. కంది కొత్త, కొర్ర కొత్త. ఏది ఎప్పుడు పక్వానికి వస్తుందో చూసి, ఊరంతా కూర్చుని రోజు పెట్టుకునే జనానికి ఫలానా మొక్కను ఏ వారంలో లెక్కపెట్టాలో యూనివర్సిటీ నుంచి ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌ను వరుసగా కాకుండా ఏడాది పొడవునా శనివారాలుగా విడగొట్టడానికి కాలేజీలు ఒప్పుకోవాలి. ఒప్పించాల్సింది బోటనీ మాస్టార్లు.

అమెరికాలో ఇలాంటి ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి. అక్కడ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ శాఖ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాల భూమి ఉంది. షికాగో బొటానిక్ గార్డెన్ వాళ్లు 2001 నుంచి చదువు ముగించిన కుర్రాళ్లను ఆ భూముల మీదికి పంపుతున్నారు. మొక్కలు పెరిగే కాలంలో సుమారు ఐదు నెలలు ఉండి, అరుదైన మొక్కలను లెక్కపెట్టి, విత్తనాలు సేకరిస్తారు. పక్కన అనుభవం ఉన్న ఒక ఉద్యోగి ఉంటాడు. డబ్బు ఇస్తారు. ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండు: మొక్క కాలాన్ని బట్టి పని పెట్టడం, పని చేసినవాడికి డబ్బివ్వడం. మన కొండ పిల్లలకు వేసవి అంటే అడ్డాకు కాలం, కూలి కాలం. రిపోర్టు కోసం తిరిగిన ప్రతి రోజూ ఇంట్లో ఒక కూలి పోతుంది. అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయితే అమెరికాది మొత్తంగా మనకు నమూనా కాదు. ఆ ‘ప్రభుత్వ భూములు’ ఒకప్పుడు అక్కడి ఆదివాసీ జాతులవి. ఇంటర్న్ ఎక్కడి నుంచో వస్తాడు, సీజన్ అయ్యాక వెళ్లిపోతాడు. మనకు దగ్గరగా ఉన్నది ఆస్ట్రేలియా. అక్కడ 2007లో మొదలైన కార్యక్రమం కింద ఆదివాసీలే తమ సొంత నేల మీద రేంజర్లుగా జీతానికి పనిచేస్తున్నారు. అడవిని కాల్చే కాలం, కలుపు మొక్కలు, జంతువులు, అన్నీ వాళ్ల చూపులోనే.

మన దగ్గర జీతం లేదు గానీ చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో పోడు పట్టా ఒక్కటే కాదు, జీవవైవిధ్యం మీదా, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీదా సముదాయానికి హక్కు ఉంది. ఐదో సెక్షన్ అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. దానికోసం కమిటీ వేసుకోవాలని నిబంధనల్లో రాశారు. పట్టా కోసం ఎన్నిసార్లు తిరిగామో మనకు తెలుసు. ఈ కమిటీ కోసం ఎవరూ తిరగలేదు. ఇంటర్న్‌షిప్ చేసే విద్యార్థి ఆ కమిటీ తరఫున లెక్క కడితే, కాలేజీకి రిపోర్టు వస్తుంది, గ్రామసభకు పుస్తకం వస్తుంది. ఈ ఏడు సర్పగంధి ఎవరూ తవ్వకూడదని గ్రామసభ తీర్మానం చేయాలనుకుంటే దాని వెనక ఒక అంకె ఉంటుంది. బయటి వ్యాపారి వచ్చినా, రేంజరు వచ్చినా ఆ అంకె చూపించి మాట్లాడొచ్చు. విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఈ పని అక్కడి నుంచి మొదలవ్వాలని మేం అనుకుంటున్నాం, అనుకోవడంలో తప్పు లేదు.

కొందరు పెద్దలు మాతో అన్నారు: రాయకండి బాబూ, రాస్తేనే పోతాయి, రాసినచోటికే వస్తారు. ఆ భయం ఉత్తిది కాదు. ఎత్నోబోటనీ వ్యాసాల్లో ఊరి పేరు, వాగు పేరు, కొన్నింట్లో అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటున్నాయి. వేరు వ్యాపారికి అంతకంటే ఏం కావాలి? అందుకని లెక్కను రెండు భాగాలు చేయాలి. కాలేజీకి వెళ్లే రిపోర్టులో మొక్క పేరు, అంకెలు, ఏడాది, అంతవరకే. ఎక్కడ అన్నది గ్రామసభ పుస్తకంలో మాత్రమే. ఫోన్‌లో తీసే ఫోటోలో చోటు దానంతటదే నమోదవుతుంది, లొకేషన్ ఆపేసి తీయాలని పిల్లలకు ముందే చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని కూడా చెప్పాలి, ఇది కాస్త కష్టం.

ఇక పేరు సంగతి. పైన అమ్మాయి పట్టికలో తెలుగు పేరు అని గడి ఉంది గానీ ఇంట్లో పిలిచే పేరుకు గడి లేదు. భాషా పండితులు మన దగ్గరికి వచ్చారు. గిడుగు రామమూర్తి గారి సవర నిఘంటువు 1938లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండదొరల భాష మీద 1969లో పుస్తకం వేశారు. బర్రో, ఎమెనో తయారుచేసిన ద్రావిడ భాషల పెద్ద నిఘంటువులో మన సాలూరు గదబ మాటలు కూడా ఉన్నాయి. అక్కడ సాలూరు అన్నదానికి ‘ఎస్’ అనే ఒక్క అక్షరం గుర్తు. సంతోషమే. కానీ అలాంటి నిఘంటువుల్లో చెట్ల మాటలు వెతికితే ఎన్నో చోట్ల ‘ఒక రకం చెట్టు’ అని ఆగిపోయారు. ఏ చెట్టో వాళ్లకు తెలియదు. భాష తెలిసినవాళ్ల దగ్గర మాట ఉంది, చెట్టు లేదు. బోటనీ తెలిసినవాళ్ల దగ్గర చెట్టు ఉంది, మాట లేదు. ఇద్దరూ ఇవే కొండలెక్కి, ఎవరి పుస్తకం వాళ్లు రాసుకున్నారు. ఇంట్లో కువి మాట్లాడుతూ కాలేజీలో బోటనీ చదివే పిల్ల ఈ రెంటినీ ఒక్క వరసలో రాయగలదు. ఇప్పటిదాకా ఆ పని ఎవరూ చేయలేకపోవడానికి తెలివి చాలక కాదు, ఆ రెండూ ఒకే మనిషిలో ఉండకపోవడం వల్ల.

కాబట్టి పుస్తకంలో మొదటి గడి ఇంటి పేరుది. కువి, కూబి, గదబ, సవర, ఏదైతే అది, తెలుగు అక్షరాల్లో, పలికినట్టుగా. చెప్పినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటే పక్కన రాయాలి. శాస్త్రీయ నామం తొందరేమీ లేదు, మాస్టారు తర్వాత సరిచూసి రాయొచ్చు. తెలియకపోతే నమూనాను విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీ బోటనీ విభాగానికి పంపి అడగొచ్చు. నమూనా అంటే వేరుతో పీకడం కాదు. ఒక రెమ్మ, ఒక పువ్వు, నాలుగు ఫోటోలు చాలు. పది మొక్కలే ఉన్న చోట రెమ్మ కూడా వద్దు, ఫోటోలే పంపండి.